న్యాయ సలహా: పుట్టగొడుగుల బరువు కాదు, వాటిలోని మందు బరువు తేల్చమనండి

ప్రశ్న: మాది చిత్తూరు. నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి తిరుపతిలో గది అద్దెకు తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్నాడు. ప్రకృతిలో దొరికే కొన్ని పదార్థాలు మనిషి చైతన్యం మీద ఎలా పనిచేస్తాయన్నది వాడి పరిశోధన. రాత్రి పది గంటలకు పోలీసులు గదికి వచ్చి ఎండిన పుట్టగొడుగులు 180 గ్రాములు, ఇంకా పెరుగుతున్నవి ఆరు గాజు సీసాలు పట్టుకెళ్లారు. రిమాండ్ రిపోర్టులో ‘మేజిక్ మష్రూమ్స్ మొత్తం 3 కిలోల 580 గ్రాములు, వాణిజ్య పరిమాణం’ అని రాశారు. బెయిల్ కొట్టేశారు. వాడు జైల్లో ఉండి 41 రోజులైంది. ఎఫ్.ఎస్.ఎల్. (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు కాపీ అంది 9 రోజులైంది. ‘సైలోసైబిన్, సైలోసిన్ ఉన్నాయి’ అని, అంటే ఆ మత్తు రసాయనాలున్నాయని తప్ప అందులో ఇంకేమీ లేదు. మా వాడు సిగరెట్టు కూడా ముట్టనివాడు. వాళ్లమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీలు చేస్తున్న పరిశోధనే చేస్తే వీడు నేరస్థుడెలా అవుతాడు? గైడు పాత తేదీ వేసి అనుమతి లేఖ ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి ఎలాంటివాడన్నది ఈ దశలో కోర్టుకు పట్టదు. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది. రిపోర్టులో ‘ఉంది’ అన్నారు గానీ ‘ఎంత ఉంది’ అన్నది లేదు. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అది చేతికొచ్చి 9 రోజులైనా కదల్లేదు. మీకిక మిగిలింది 6 రోజులు.

ఆ 6 రోజుల లెక్క ఇది. ఎన్.డి.పి.ఎస్. (మత్తుపదార్థాల నిరోధక చట్టం) కేసుల్లో మళ్లీ పరీక్ష కావాలంటే రిపోర్టు అందిన 15 రోజుల్లోపే పిటిషన్ వేయాలని సుప్రీంకోర్టు 2013లో థానా సింగ్ కేసులో చెప్పింది. ఆ తర్వాత వేస్తే తీసుకోరు. లోపల వేసినా అడిగిందే తడవుగా ఇవ్వరు. అరుదైన సందర్భాల్లో, కారణాలు రాసి మాత్రమే ఇస్తారు. అందుకే పిటిషన్‌లో ‘రిపోర్టు తప్పు’ అని రాయొద్దు. ‘రిపోర్టు అసంపూర్ణం, శిక్షను నిర్ణయించే అంకె ఇందులో లేదు’ అని రాయాలి.

అంకె ఎందుకంటే, ఆ చట్టం సెక్షన్ 22లో శిక్షకు మూడు మెట్లున్నాయి. 2001 అక్టోబరు 19 నాటి నోటిఫికేషన్ పట్టికలో సైలోసైబిన్‌కు చిన్న పరిమాణం 2 గ్రాములు, వాణిజ్య పరిమాణం 50 గ్రాములు. చిన్న పరిమాణమైతే ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వాణిజ్య పరిమాణమైతే 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల దాకా జైలు, పైగా లక్ష నుంచి 2 లక్షల జరిమానా. మధ్యలో పడితే 10 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మీ వాడి బెయిల్‌కు అడ్డం పడిన సెక్షన్ 37 వర్తించింది వాణిజ్య పరిమాణం అన్న ఆ ఒక్క మాట వల్లే.

ఇప్పుడు లెక్క వేయండి. ఈ జాతి పుట్టగొడుగులు ఎండాక వాటిలో సైలోసైబిన్ సాధారణంగా 1 శాతం అటూఇటూ ఉంటుంది, 2 శాతానికి చేరడమే అరుదు. 180 గ్రాముల్లో 1 శాతమంటే 1.8 గ్రాములు, అంటే చిన్న పరిమాణం. 2 శాతమనుకున్నా 3.6 గ్రాములు, మధ్య మెట్టు. అదే 180 గ్రాముల్లో 50 గ్రాముల సైలోసైబిన్ ఉండాలంటే దాదాపు 28 శాతం కావాలి. అంత ఉన్న పుట్టగొడుగు భూమ్మీద లేదు. కాబట్టి ఎండిన సరుకు వరకు ఈ పరీక్ష అడగడంలో మీకు నష్టమేమీ లేదు. మందు బరువునే లెక్కలోకి తీసుకుంటే, అంకె ఎటు తేలినా సెక్షన్ 37 తొలగుతుంది.

పోలీసులు చేసిందేమిటంటే, చెరుకు బండిని తూకం వేసి ఇంత బెల్లమని రాసుకున్నారు. చట్టం షెడ్యూల్లో ఉన్నది పుట్టగొడుగు పేరు కాదు, అందులోంచి తీసిన రసాయనాల పేర్లు. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో సైలోసైబిన్‌ను వేరుచేసి చూపించాక, 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఆ రసాయనం పేరునే జాబితాలో పెట్టింది. మన 1985 చట్టమూ అదే దారిలో నడిచింది. గంజాయి, నల్లమందు, కోకా మొక్కలను మాత్రం చట్టం పేరుపెట్టి చెప్పింది.

పి.పి. (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ వకీలు) దీనికి ఏం జవాబిస్తారో ముందే తెలుసుకోండి. 2020లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో, మత్తుపదార్థంలో వేరే పదార్థం కలిపితే మొత్తం మిశ్రమం బరువే లెక్క అంది. దాన్నే మీ మీద ప్రయోగిస్తారు. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ ఉత్తర్వులో పుట్టగొడుగు ప్రకృతిలో పుట్టిన శిలీంద్రమేగానీ ఎవరో కలిపిన మిశ్రమం కాదని, మొత్తం బరువుతో వాణిజ్య పరిమాణం అనలేమని చెప్పింది. అది మన కోర్టులు తప్పక పాటించాల్సిన తీర్పు కాదు, ఒప్పించడానికి పనికొచ్చే తీర్పు మాత్రమే. అందుకే అంకె లేకుండా తీర్పు కాపీ ఒక్కటి పట్టుకుని వెళ్తే సరిపోదు.

పిటిషన్‌లో ‘మళ్లీ పరీక్షించండి’ అని ఊరుకుంటే ల్యాబ్ నుంచి ఆ రెండు మాటలే మళ్లీ వస్తాయి. పరీక్ష పద్ధతి పేరు రాయించండి. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో నమూనాను 200 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. ఆ వేడికి సైలోసైబిన్‌లోని ఫాస్ఫేట్ భాగం ఊడిపోయి అది సైలోసిన్‌గా కనిపిస్తుంది. ప్రత్యేకంగా రసాయన మార్పు చేసి పరీక్షిస్తే తప్ప ఆ యంత్రం సైలోసైబిన్ ఇంత అని విడిగా చెప్పలేదు. కాబట్టి లిక్విడ్ క్రొమటోగ్రఫీతో, రిఫరెన్స్ స్టాండర్డ్‌తో (పోలికకు వాడే శుద్ధమైన నమూనాతో) పోల్చి, ‘గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు’ అని విడివిడిగా ఇవ్వమని అడగాలి. మొదటి రిపోర్టు ఏ యంత్రం మీద చేశారో ఆఫీసు కాపీలో చూడండి. గ్యాస్ యంత్రమైతే, సైలోసైబిన్ ఉందని ఎలా తేల్చారన్నది రేపు కెమికల్ ఎగ్జామినర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ వకీలు అడిగే మొదటి ప్రశ్న. నమూనాను గాలి, వెలుతురు, తేమ తగలకుండా ఉంచాలన్న ఉత్తర్వు కూడా అదే పిటిషన్‌లో కోరండి. ఈ పదార్థాలు నిలవలో తరుగుతాయి. తరిగితే మనకే లాభం కదా అని ఊరుకోవద్దు. పట్టుకున్న నాడు ఇంకా ఎక్కువుందన్న వాదన అక్కడే పుడుతుంది.

సీసాల సంగతి వేరు, మీకు నిజంగా జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. మొత్తంలోంచి ఎండిన 180 గ్రాములు తీసేస్తే మిగిలే 3 కిలోల 400 గ్రాములు గాజుతో సహా తూచినది. ఖాళీ సీసా బరువెంత, పెంచడానికి లోపల వేసిన గింజల బరువెంత, పెరిగిందెంత అని మహజరులో (సోదా పంచనామాలో) ఉందా? ఆరు సీసాల నుంచీ నమూనా తీశారా, ఒక్కదాని నుంచే తీసి ఆరింటికీ రాశారా? పుట్టగొడుగు పైకి రాని సీసాలో ఉండేవి తెల్లటి నూలుపోగుల్లాంటి శిలీంద్రపు తీగలే. వాటిలో సైలోసైబిన్ ఉందో లేదో ఏ సీసాకు ఆ సీసా పరీక్షించాలి. మీ వాడు ఆ మహజరు చదవకుండానే సంతకం పెట్టాడని నా అనుమానం. చదువుకున్న పిల్లలు చేసే తప్పే ఇది.

ఇక గైడు లేఖ. ముట్టుకోకండి. పాత తేదీ వేసిన లేఖ ఫోర్జరీ, దాన్ని కోర్టులో పెట్టడం ఇంకో నేరం. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లు చూడండి. డిపార్ట్‌మెంట్ ఔట్‌వర్డ్ రిజిస్టర్‌లో ఆ నంబరు దగ్గర వేరే లేఖ ఉంటుంది, కంప్యూటర్లో ఫైలు ఎప్పుడు పుట్టిందో ఉంటుంది. అన్నీ కుదిరాయనుకున్నా ఆ లేఖ మిమ్మల్ని కాపాడదు, ముంచుతుంది. సరుకు ఏమిటో తెలిసే గదిలో పెట్టుకున్నాడని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. ఇప్పటికే సెక్షన్లు 35, 54 ముద్దాయికి తెలుసనే ఊహతో మొదలవుతాయి.

ఆ లేఖ నిజమైనదే అయినా చాలదు. సెక్షన్ 8(సి) శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది, నిజమే. కానీ అదే వాక్యంలో ‘నిబంధనల ప్రకారం, లైసెన్సు లేదా పర్మిట్ కావాల్సిన చోట దాని షరతులకు లోబడి’ అని ఉంది. 1985 నిబంధనల్లో రూల్ 66 శాస్త్రీయ అవసరానికి తగినంత పరిమాణం ఉంచుకోవచ్చన్నది పరిశోధన సంస్థను, అదీ లెక్కల రిజిస్టరు నడపాలన్న షరతుతో. అద్దె గది సంస్థ కాదు, విద్యార్థి సంస్థ కాదు. విదేశం నుంచి స్టాండర్డ్ తెప్పించాలన్నా గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ ఇచ్చే ఇంపోర్ట్ సర్టిఫికెట్ కావాలి. మనుషుల మీద మందు పరీక్ష అంటే 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు, ఎథిక్స్ కమిటీ, కేంద్ర డ్రగ్స్ అధికారి అనుమతి.

అమెరికా మాట కోర్టులో ఎత్తకండి. జాన్స్ హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో వాలంటీర్లకు ఇచ్చింది 70 కిలోల బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున తూచిన సైలోసైబిన్. దానికి ఎథిక్స్ కమిటీ ఉంది, ప్రభుత్వ అనుమతి ఉంది, మోతాదుకు రికార్డు ఉంది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి డిప్రెషన్‌కు ఈ మందు రాయగలుగుతున్నదీ అనుమతి పొందిన సైకియాట్రిస్టులే. పోలిక తెస్తే మీ వాడి దగ్గర అవేవీ లేవని పి.పి. ఒక్కొక్కటే చదివి వినిపిస్తారు.

అబ్బాయిని పోలీసులకు ‘నిజం అంతా’ రాసివ్వమని ఎవరైనా అంటే వద్దనండి. సెక్షన్ 67 కింద అధికారులకు ఇచ్చే నేరాంగీకారం సాక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2020లో తూఫాన్ సింగ్ కేసులో తేల్చింది. చెల్లని దాన్ని మీరు వెళ్లి ఇవ్వడమెందుకు? వాడి నోట్‌బుక్‌లో ‘ఇంత తీసుకున్నాను, ఇలా అనిపించింది’ అని ఉంటే మాత్రం అది సెక్షన్ 27, సేవించిన నేరం. ఉందో లేదో వకీలుకు ముందే చెప్పండి. చింపినా, ఫోన్‌లోవి చెరిపినా సాక్ష్యం మాయం చేసిన కేసు అదనం.

రాత్రి సోదాకు సెక్షన్ 42 ప్రకారం కారణాలు రాసి 72 గంటల్లో పై అధికారికి పంపారా, 52ఏ ప్రకారం మేజిస్ట్రేట్ ముందు నమూనాలు తీశారా అన్నవి చూడాల్సినవే. అయితే 52ఏ లోపం ఒక్కటే కేసును కూల్చదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

రెండో గడువు బెయిల్‌ది. వాణిజ్య పరిమాణమైతే చార్జిషీటుకు 180 రోజులు, కోర్టు పొడిగిస్తే ఏడాది. కాకపోతే 60 రోజులు. రిమాండ్ చేసిన రోజునే మొదటి రోజుగా లెక్కించాలి. 61వ రోజు ఉదయం చార్జిషీటు పడలేదా, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 187 కింద డీఫాల్ట్ బెయిల్ పిటిషన్ ఆ రోజే ఫైల్ కావాలి. చార్జిషీటు పడ్డాక ఆ హక్కు లేదు. పి.పి. 180 రోజులంటారు. అంకె లేని రిపోర్టుతో వాణిజ్య పరిమాణం అనడమెలా అన్నదే మీ వాదన. పరిమాణం రిపోర్టు ఈలోగా వస్తే, మారిన పరిస్థితి చూపి స్పెషల్ కోర్టులోనే మామూలు బెయిల్ మళ్లీ వేయండి, అక్కడ కాదంటే హైకోర్టుకు వెళ్లండి.

రేపు పొద్దున్నే మహజరు, రిమాండ్ రిపోర్టు, బెయిల్ కొట్టేసిన ఉత్తర్వు, ఎఫ్.ఎస్.ఎల్. రిపోర్టు సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. రిపోర్టు అందిన తేదీకి రుజువుగా కవరు మీద ముద్రో, కోర్టు కాపీ ఇచ్చిన తేదీ ముద్రో భద్రం చేయండి. కాపీలు ఆలస్యమైతే వాటి కోసం ఆగకండి. చేతిలో ఉన్న జిరాక్సుతోనే పిటిషన్ వేసి, సర్టిఫైడ్ కాపీ తర్వాత దాఖలు చేస్తామని మెమో పెట్టమనండి.