పాలిష్ చేసిన అమ్మోనైట్‌ను బీరువాలో పెట్టే ముందు

అమ్మోనైట్ అంటే చుట్ట తిరిగిన చిప్పతో ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవి శిలాజం; చిప్ప లోపల అడ్డగోడలతో వరసగా గదులుంటాయి. అలాంటిదాన్ని మధ్యకి కోసి పాలిష్ పట్టిన రెండు సగాల జత కొన్నానని, అద్దాల బీరువాలో ఎలా పెట్టాలో, దేనితో తుడవాలో చెప్పమని అడిగారు.

ముందు అది ఏ రకమో చూసుకోండి. తేనెరంగు గదులతో మెరిసే జత అయితే చాలావరకు మడగాస్కర్‌ది, వయసు సుమారు 11 కోట్ల ఏళ్లు. గదుల్లో పేరుకున్నది కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం. ఇత్తడిలా పచ్చగా మెరిసేది పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అయి ఉంటుంది. దానితో జాగ్రత్త.

మొదట్లో నేను అరచేతిలో పట్టే పైరైట్ అమ్మోనైట్ ఒకటి కొని, బంగారంలా ఉందని మురిసిపోయి చెమ్మగదిలో పెట్టాను. రెండు వానాకాలాలు గడిచేసరికి సందుల్లో తెల్లటి పొడి, మూత తీస్తే గంధకం వాసన. పొడిని నీళ్లతో కడిగేశాను, అదింకా పెద్ద తప్పు. తేమ, గాలి తగిలితే పైరైట్ నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. రాయి పగుళ్లిచ్చింది, కింద పెట్టిన పేరు చీటీ కూడా మాడినట్టయింది. ఇప్పుడు అలాంటివాటిని మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంచుతున్నాను. సంచులు మాత్రం అప్పుడప్పుడూ మార్చాలి.

మీ కాల్సైట్ జతకి ఆ బాధ లేదు. కాకపోతే వెనిగర్, నిమ్మరసం దగ్గరికి రానివ్వకండి, పాలిష్ క్షణాల్లో మసకబారుతుంది. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి కాల్సైట్ కంటే గట్టివి. అందుకని పొడిగుడ్డతో రుద్దొద్దు. మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాతే కాస్త తడిగుడ్డతో అద్దండి.

లైటు నేరుగా ఎదురుగా వేస్తే పాలిష్ మీద దాని మెరుపే కనిపిస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా వేయండి. సగాల్లో ఒకటి కోసిన ముఖంతో, రెండోది వీపు చూపిస్తూ నిలబెట్టండి. పై చిప్ప అరగదీసి ఉంటే వీపు మీద ఆకుల అంచుల్లాంటి మెలికల గీతలు కనిపిస్తాయి, లోపలి గోడలు చిప్పని తాకిన చోట్లు అవి. నాకైతే గదుల కంటే ఆ గీతలే ఇష్టం.

ఇంకొకటి, అడ్డగోడల్ని దాటుకుంటూ వెళ్లే సన్నటి గొట్టం ఎక్కడుందో చూడండి. అమ్మోనైట్‌లో అది బయటి అంచును పట్టుకుని ఉంటుంది. గోడల మధ్యలోంచి పోతుంటే అది నాటిలస్, అలాంటి చుట్ట చిప్పే ఉన్న వేరే సముద్ర జీవి. అమ్మోనైట్ అని నమ్మి నేనూ అలాంటిది ఒకటి కొన్నాను. తిరిగి ఇవ్వలేదు లెండి, అందంగానే ఉంది. చీటీ మీద పేరు మార్చి రాసుకున్నాను.