మెంటర్‌కి బ్యాక్‌లాగ్స్ సంగతి చెప్పొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది. మా కాలేజీలో ఒక్కొక్కరికి ఒక పారిశ్రామికవేత్తని మెంటర్‌గా ఇచ్చారు, నెలకోసారి వీడియో కాల్. నాకు రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఆ టెన్షన్‌తో నెల రోజులుగా సరిగా నిద్ర పట్టడం లేదు. సర్ ‘ఎలా ఉన్నావమ్మా’ అంటే ‘బాగున్నా సర్’ అనేసి రెజ్యూమే గురించి మాట్లాడి పెట్టేస్తున్నా. నిజం చెబితే చులకనైపోతానేమో?
ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: చెప్పమ్మా, వచ్చే కాల్‌లోనే చెప్పు. కంపెనీ నడిపేవాళ్లకి చేతికొచ్చిన ఆర్డర్ జారిపోవడం, బ్యాంకు లోన్ ఆగిపోవడం, ఒకటో తారీఖు జీతాలకి డబ్బు సర్దలేక తంటాలు పడటం తెలియనివి కావు. రెండు సబ్జెక్టులు పోయాయని ఆయన నిన్ను తక్కువగా చూస్తారనుకోను. ఒకవేళ చూస్తే, కాలేజీలో చెప్పి వేరే మెంటర్‌ని అడుగు, అందులో తప్పేం లేదు. అయితే మీరు మాట్లాడుకున్నవి ప్లేస్‌మెంట్ సెల్‌కి వెళ్తాయా అని కోఆర్డినేటర్‌ని ముందే అడిగి తెలుసుకో.

ఎదురుగా నోరు పెగలకపోతే ముందురోజే వాట్సాప్‌లో పెట్టు: ‘సర్, నాకు రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి, దిగులుగా ఉంది. రేపు రెజ్యూమే పక్కన పెట్టి దీని గురించి మాట్లాడొచ్చా?’ అంతే చాలు. ఎలా సక్సెస్ అయ్యారని అడగకు, అది ఆయన స్టేజీల మీద చాలాసార్లు చెప్పే ఉంటారు. వ్యాపారం బాగా దెబ్బతిన్న రోజుల్లో పొద్దున్నే లేచి మొదట ఏం చేసేవారు, ఇంట్లో ఎవరికి చెప్పుకున్నారు, ఎవరి సాయం తీసుకున్నారు అని అడుగు. నీకు ఇప్పుడు పనికొచ్చేవి ఆ మాటలే.

నిద్ర సంగతి మాత్రం ఆయన మీద పెట్టకు, ఆయన డాక్టర్ కాదు. 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా చెయ్యి, ఇంట్లోనూ చెప్పు.

కాలేజీలకీ ఒక మాట. మెంటర్లకి శాలువా కప్పి ఫొటో దిగితే సరిపోదు. పిల్లలు ‘బతకాలని లేదు’ అంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో మొదటి కాల్‌కి ముందే వాళ్లకి చెప్పాలి, కౌన్సెలర్ నంబర్ చేతికివ్వాలి.

నువ్వు మాత్రం సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో ఇవాళే కనుక్కో.