ప్రశ్న – జవాబు: ‘అకలేజియా కార్డియా’ గుండెజబ్బు కాదు

ప్రశ్న: మా మామగారికి ఏడాదిగా ముద్ద గొంతు దిగినా రొమ్ములో ఆగిపోతోంది. ఈమధ్య చోడి అంబలి, మంచినీళ్లు కూడా నిలిచిపోతున్నాయి. పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తోంది. బరంపురంలో బేరియం ఎక్స్‌రే, మానోమెట్రీ (ఆహారనాళంలోని ఒత్తిడిని కొలిచే పరీక్ష) తీయించాము. ‘డిస్ఫేజియా, అకలేజియా కార్డియా’ అని రాసి, హెల్లర్ మయాటమీ చేయించాలన్నారు. కార్డియా అంటే గుండె కదా? పైగా మా బంధువొకరికి ఈసోఫాజెక్టమీ చేసి ఆహారనాళం తీసేశారు. ఇదీ అటువంటి ఆపరేషనేనని ఇంట్లో అందరూ భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందుగా గుండె సంగతి. గ్రీకులో కార్డియా అంటే గుండె అన్నది నిజమే కానీ, ప్రాచీన గ్రీకు వైద్యులు దానికి సమీపంలో ఉండే జీర్ణాశయపు పైద్వారాన్ని కూడా అదే పేరుతో పిలిచారు, ఆ వాడుక వైద్యభాషలో నేటికీ నిలిచి ఉంది. మీ మామగారి కాగితంలోని కార్డియా ఆ ద్వారమే.

డిస్ఫేజియా అన్నది రోగం కాదు, లక్షణం. ‘డిస్’ అంటే కష్టం, ‘ఫాగెయిన్’ అంటే తినడం. మింగుడుపడటం లేదని మీరు చెప్పిన మాటనే డాక్టరుగారు గ్రీకులో రాశారన్నమాట. మింగేటప్పుడు నొప్పి కలిగితే దాన్ని ఒడినోఫేజియా అంటారు. పక్షవాతం వచ్చినవారి కాగితాల్లో కనిపించే డిస్ఫేసియా మాత్రం మాటకు సంబంధించిన లోపం కనుక, ఫోనులో ఎవరికైనా చదివి వినిపించేటప్పుడు ఆ ఒక్క అక్షరం జాగ్రత్త.

అసలు జబ్బు అకలేజియా. ‘ఖలాసిస్’ అంటే సడలడం; ముందున్న ‘అ’ మన అశాంతిలోని ‘అ’ వలెనే లేమిని చెబుతుంది. సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఆహారనాళం అలలుగా ముడుచుకుంటూ ముద్దను కిందికి తోస్తుంది, అది చివరికి చేరే వేళకు అక్కడ బిగిసి ఉండే కండర వలయం సడలి దారి ఇస్తుంది. నాళపు గోడలోని నాడీకణాలు నశించినప్పుడు ఆ తోపూ ఉండదు, ఈ సడలికా ఉండదు. అందుకే నీళ్లు సైతం ఆగుతున్నాయి. ఇంగ్లండులో థామస్ విల్లిస్ 1674లోనే ఇటువంటి రోగిని వర్ణించి, తిమింగలం నుంచి తీసిన వంగే బద్ద కొనకు స్పాంజి కట్టి అన్నాన్ని లోపలికి తోసుకొనే ఉపాయం చెప్పాడు.

ఇక ఆపరేషను. ‘టొమే’ అంటే కోత. దానికి ముందు ‘బయటికి’ అని చెప్పే ‘ఎక్’ చేరితే ఎక్టమీ, అంటే కోసి తీసివేయడం. మీ బంధువుకు జరిగినది అదే. ఎక్కువగా కేన్సర్‌కు చేసే ఆ పెద్ద శస్త్రచికిత్సలో సాధారణంగా జీర్ణాశయాన్నే గొట్టంలా మలచి పైకి తెచ్చి అతుకుతారు. మయాటమీలోని మొదటి భాగం కండరాన్ని సూచిస్తుంది, ఇందులో దేనినీ తీసివేయరు. జర్మన్ వైద్యుడు ఎర్నస్ట్ హెల్లర్ 1913లో మొదట చేసిన ఈ పద్ధతిలో, బిగిసిన వలయపు కండరాన్ని నిలువునా చీల్చి, లోపలి పొరను తెగకుండా ఉంచుతారు. ఇప్పుడు దీనిని ఎక్కువగా పొట్టపై చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపీతో చేస్తున్నారు. వలయం వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది కనుక, జీర్ణాశయపు పైభాగాన్ని కొంత మడిచి నాళానికి కుడతారు. నోటిగుండా ఎండోస్కోపు పంపి ఇదే కండరాన్ని లోపలి నుంచి కోసే ‘పోయెమ్’ పద్ధతిని జపానులో హరుహిరో ఇనొవె 2008లో మొదలుపెట్టారు.

నశించిన నాడీకణాలు ఏ ఆపరేషనుతోనూ తిరిగి రావు. దారి తెరుచుకుంటుంది, ఆహారం ప్రధానంగా తన బరువుతో దిగుతుంది. మీ లేఖలో ఎండోస్కోపీ ప్రస్తావన లేదు. కార్డియా దగ్గర పుట్టిన కేన్సర్ కూడా కొన్నిసార్లు అచ్చం అకలేజియాలాగే కనిపిస్తుంది కనుక, ముఖ్యంగా ఆయన బరువు త్వరగా తగ్గి ఉంటే, ఆ పరీక్ష అయిందో లేదో డాక్టరుగారిని తప్పక అడగండి. ఈలోగా పడుకోబోయే ముందు ఏమీ పెట్టకండి, మంచం తలవైపు ఎత్తుగా ఉంచండి. నాళంలో నిలిచినది నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.