ఇసుకా, గులకరాళ్లా? అడుగున ఏ చేప తిరుగుతుందో చూసి తేల్చండి

మొదటిసారి మంచినీటి అక్వేరియం పెడుతున్నాను, అడుగున ఇసుక వేయాలా గులకరాళ్లు వేయాలా, ఇసుక కుళ్లి కంపు కొడుతుందంటున్నారు నిజమేనా అని అడిగారు. నా ఓటు ఇసుకకే. అడుగున మేత వెతుక్కునే కోరిడోరస్, లోచ్ లాంటి చేపల్ని తెచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం ఇక రెండో ఆలోచన పెట్టుకోకండి.

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా జవాబులన్నీ మన సౌకర్యం చుట్టూనే తిరుగుతుంటాయి. ఏది శుభ్రం చేయడం తేలిక, ఏ రంగు గదికి నప్పుతుంది అని. రోజంతా ఆ అడుగున మూతి పెట్టి వెతుక్కునేది చేప. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

మా పిన్ని కొడుకు ట్యాంకులో కోరిడోరస్ గుంపు ఉండేది. అడుగున నీలం రంగు రాళ్లు, విరగ్గొట్టినట్టు అంచులున్నవి. వాడు మేత బిళ్లలు వేసేవాడు, అవి కరిగి ముక్కలై రాళ్ల సందుల్లోకి జారిపోయేవి. చేపలకు వాసన తెలుస్తోంది, తిండి అందడం లేదు. ఒకటైతే అదే రాయిని మూతితో నెట్టడం, వెనక్కి తగ్గడం, మళ్లీ నెట్టడం. నేను అద్దానికి కళ్లు ఆనించి చూస్తే దాని మీసాలు అరిగిపోయి మొండిగా ఉన్నాయి. పదునైన రాళ్ల రాపిడి ఒకవైపు, సందుల్లో కుళ్లుతున్న మేతలో పెరిగే బాక్టీరియా ఇంకోవైపు. రెండూ కలిసి ఆ పని చేస్తాయి. కోరిడోరస్‌కు ఆ మీసాలే నాలుక, ఆ మీసాలే వేళ్లు.

పట్టుబట్టి రాళ్లు తీయించాను. ఒక్కసారే అన్నీ తీస్తే వాటిని పట్టుకుని ఉన్న, చేపల వ్యర్థాల్లోని విషాన్ని విరిచే మంచి బాక్టీరియా కూడా పోతుంది కాబట్టి, ముందు సగం తీసి ఇసుక పోశాం, కొన్నాళ్లాగి మిగతాది తీశాం. ఫిల్టరును ముట్టుకోలేదు. ఇసుక పడ్డాక చేపలు కాసేపు మొక్కల వెనక నక్కాయి. తరవాత ఒకటి ముందుకొచ్చి మూతిని కళ్లదాకా ఇసుకలో దూర్చేసింది. పైకి లేచేసరికి రెండు మొప్పల్లోంచీ సన్నటి ఇసుక ధారగా జారుతోంది. నోట్లోకి తీసుకుని, తిండి ఉంచుకుని, ఇసుకను మొప్పల్లోంచి వదిలేయడం వాటి సహజమైన తిండి పద్ధతి. రాళ్ల మీద ఉన్నన్నాళ్లూ ఆ చేపలు ఆ పని ఒక్కసారి కూడా చేయలేకపోయాయి. మీసాలు మెల్లగా మళ్లీ పెరిగాయి. మరీ మొదలంటా పోతే పెరగవు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట, ఈ చేపల్ని "అడుగు శుభ్రం చేసే చేపలు" అని అమ్మడం నాకు అస్సలు నచ్చదు. అవి మలం తినవు. మిగతా చేపలు వదిలేసిన ఎంగిలి సరిపోతుందని వాటికి విడిగా మేత వేయరు, పాపం అవి చిక్కి చస్తాయి.

ఇక కుళ్లు సంగతి. ఇసుక మందంగా పోసి కదపకుండా వదిలేస్తే లోపల ఆక్సిజన్ అందక హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టొచ్చు. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. 3 నుంచి 5 సెంటీమీటర్లకు మించకుండా పోసి, అప్పుడప్పుడూ వేళ్లతో కదిపితే ఆ ఇబ్బంది రాదు. మలేషియన్ ట్రంపెట్ నత్తలుంటే అవే తవ్వి పెడతాయి, కాకపోతే మేత ఎక్కువైతే లెక్కలేనన్ని పుడతాయి. అసలు ఇసుక మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అతిగా వేసిన మేతే. ఇసుక మీద చెత్త పైనే కనిపిస్తుంది, సైఫన్ గొట్టాన్ని రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో తిప్పితే లేచి వచ్చేస్తుంది. రాళ్లలో అది కిందకి దిగి కనిపించకుండా నైట్రేట్ పెంచుతుంది. కనిపించని మురికిని శుభ్రం అనుకోకండి.

రాళ్లు వద్దే వద్దనడం లేదు. అడుగున ప్లేటు పెట్టే అండర్‌గ్రావెల్ ఫిల్టరుకు రాళ్లే కావాలి, ఇసుక జారి కూరుకుపోతుంది. గప్పీలు, టెట్రాలు మాత్రమే ఉంటే నున్నటి చిన్న గులకరాళ్లు హాయిగా వాడొచ్చు. గోల్డ్‌ఫిష్‌కి మాత్రం నోట్లో పట్టే సైజు రాళ్లు వేయకండి, గొంతులో ఇరుక్కుంటాయి. ఇసుకైనా వేయండి, నోట్లో పట్టనంత పెద్ద రాళ్లైనా వేయండి. అమెజాన్ స్వోర్డ్ లాంటి వేళ్లతో తినే మొక్కలుంటే ఇసుకలో సారం ఉండదు, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చాలి. అనూబియాస్ మొక్కని దేన్లోనూ పాతొద్దు, కర్రకు కట్టేయండి.

కొనేముందు చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుడగలొస్తే అందులో గవ్వల పొడి, సున్నం ఉన్నట్టు. అది నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ పెంచుతుంది. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలకు అదే కావాలి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కోరిడోరస్‌కు వద్దు. గింజలు గుండ్రంగా, సన్నగా ఉన్నదే తీసుకోండి. బియ్యం కడిగినట్టు బకెట్‌లో వేసి, కలిపి, వంచి, నీళ్లు తేటపడేదాకా కడగండి. విసుగు పుడుతుంది, అయినా మానొద్దు. ట్యాంకులో పరిచాక మీద ఒక పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోస్తే గుంటలు పడవు. దుమ్ము దిగేదాకా ఫిల్టరు ఆపి ఉంచండి, ఇసుక మోటారులోకి పోతే నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగిపోతుంది. నీళ్లు తేటపడ్డాయని మర్నాడే చేపల్ని వదలకండి. ట్యాంకులో కొద్దిగా అమ్మోనియా వేసి, టెస్ట్ కిట్‌తో నీటిని పరీక్షించి చూస్తే, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నాకు దిగే స్థితి వచ్చేదాకా ఆగండి, దానికి కొన్ని వారాలు పడుతుంది.