పురుడు తరువాతి ఫిజియోథెరపీ: మా అమ్మాయికి తగిన చదువేనా?

ప్రశ్న: మా చిన్నమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో అర్హత సాధించింది గానీ ఎంబీబీఎస్ సీటుకు సరిపడే ర్యాంకు రాలేదు. మా పెద్దమ్మాయికి నిరుడు సిజేరియన్ అయిన తరువాత తుమ్మినా, దగ్గినా మూత్రం జారేది. ఎవరికీ చెప్పుకోలేక చాలాకాలం బాధపడి, చివరకు ఒక మహిళా ఫిజియోథెరపిస్టు దగ్గర 3 నెలలు వ్యాయామాలు నేర్చుకున్నాక చాలావరకు తగ్గింది. అక్కకు తోడుగా వెళ్లివచ్చిన చిన్నమ్మాయి తానూ అదే చదువుతానంటోంది. అటువంటి కోర్సు ఉందా? దానితో జీవనం గడుస్తుందా? ఇలాంటి పని చేస్తుందంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ ఏమంటారోనని మా అత్తగారి భయం. మరో మాట, పెద్దమ్మాయికి నడికట్టు మళ్లీ కట్టమని కూడా ఆవిడ అంటున్నారు. దాని గురించి మీకు తెలిస్తే చెప్పండి. – ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఇంటర్ తరువాత నేరుగా చేరడానికి గర్భిణుల, బాలింతల ఫిజియోథెరపీ అనే డిగ్రీ ఏదీ లేదు. అందరిలాగే బీపీటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ, చదివి, విరిగిన ఎముకలు, పక్షవాతం, గుండె ఆపరేషన్లు, ఊపిరితిత్తుల జబ్బులు, పసిపిల్లల ఎదుగుదల లోపాలు అన్నీ నేర్చుకున్న తరువాతే ఈ శాఖలోకి రావాలి. కాబట్టి మీరు ఈ నెలలో తీసుకోవలసిన నిర్ణయం అమ్మాయికి ఫిజియోథెరపీ నచ్చుతుందా లేదా అన్నది మాత్రమే. అక్కను చూసి కలిగిన ఇష్టం మంచిదే అయినా, మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లకు రోజుకు 10 మందికి అదే వ్యాయామాన్ని ఓపికగా చేయించగల స్వభావం ఆమెకు లేకపోతే, ఆ ఒక్క ఇష్టం 5 ఏళ్ల చదువును మోయలేదు.

అలాగని ఆమె ఎంచుకున్న దారి చిన్నదని నేను అనడం లేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. పొట్ట కోసి కుట్టిన తరువాత ఆ తల్లి మంచం మీద నుంచి ఎలా లేవాలి, దగ్గు వస్తే గాయం మీద దిండు ఎలా అదుముకోవాలి, బిడ్డను ఎత్తుకునేటప్పుడు నడుము మీద బరువు పడకుండా ఎలా వంగాలి అన్నవి నేర్పేవారు లేకుండానే మన దగ్గర చాలామంది ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆపరేషన్ అయింది కాబట్టి అడుగు భాగానికి ఏమీ కాదన్న నమ్మకం ఒకటి మన ఇళ్లలో ఉంది. అది సగమే నిజం. 9 నెలలు బిడ్డ బరువును మోసింది ఆ అడుగు భాగపు కండరాలే. మీ పెద్దమ్మాయికి సిజేరియన్ అయినా మూత్రం జారిందంటే ఆశ్చర్యపడవలసిందేమీ లేదు.

ఈ కండరాలను వైద్యులు పెల్విక్ ఫ్లోర్ అంటారు. ముందు పొత్తికడుపు కింది ఎముక, అంటే జఘనాస్థి, నుంచి వెనుక తోకఎముక వరకు జోలెలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింది నుంచి పట్టి ఉంచేవి ఇవే. కాన్పులో ఇవి విపరీతంగా సాగుతాయి, కొన్నిసార్లు చిరుగుతాయి. ఆ చిరుగులను వైద్యులు 4 స్థాయిలుగా లెక్కిస్తారు. మలద్వారపు కండరం దాకా వెళ్లిన 3, 4 స్థాయిల వాటిని సరిగ్గా కుట్టి, తరువాత జాగ్రత్తగా చూడకపోతే గ్యాసును, మలాన్ని ఆపుకోలేని స్థితి రావచ్చు. పొట్ట మధ్యలో రెండు కండరాల నడుమ ఎడం ఏర్పడడం, గర్భిణిగా ఉన్నప్పుడే కటి కీళ్లలో నొప్పి పుట్టి పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోవడం, కలయికలో నొప్పి, గర్భసంచి జారడం, ఇవన్నీ ఈ శాఖ చూసే సమస్యలే. ఈ కండరాలకు వ్యాయామాలు చెప్పి 1948లో వ్యాసం ప్రచురించిన అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ పేరు మీదే వాటిని ఇప్పటికీ కెగెల్ వ్యాయామాలంటున్నారు.

మీ అమ్మాయి ఇప్పటికే యూట్యూబ్‌లో వాటిని చూసే ఉంటుంది. ఇక్కడే వృత్తికీ వీడియోకూ తేడా తెలుస్తుంది. బిగించి వదలడం అందరికీ మంచిదని వీడియోలు చెబుతాయి. కానీ కొందరిలో ఆ కండరాలు బలహీనంగా కాక, ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాయి. అటువంటి వారికి వదులు చేయడం నేర్పాలే తప్ప ఇంకా బిగించమంటే నొప్పి పెరుగుతుంది. చాలామంది బిగించమనగానే ఊపిరి బిగబట్టి, పిరుదులు గట్టిగా నొక్కి, లోపల కిందికి ముక్కుతారు. అంటే చేయవలసినదానికి సరిగ్గా తలకిందులు. ఎవరికి ఏది అవసరమో తెలియాలంటే పరీక్షించాలి. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు స్త్రీ అనుమతి తీసుకుని, అవసరమైతే లోపలి పరీక్ష చేసి, కండరం పట్టును 0 నుంచి 5 వరకు ఉన్న కొలతలో నమోదు చేస్తుంది. ఎన్ని సెకన్లు పట్టి ఉంచగలుగుతోంది, ఎన్నిసార్లకు అలసిపోతోంది అన్నది రాసుకుంటుంది. 3 రోజుల పాటు ఎప్పుడు ఎంత నీళ్లు తాగింది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లింది, ఎప్పుడు జారింది అన్న చిట్టా ఇంట్లో రాయిస్తుంది. ఆ తరువాతే వ్యాయామం. బ్రిటన్ జాతీయ ఆరోగ్య వ్యవస్థకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2019లో చెప్పింది కూడా ఇదే: దగ్గితే తుమ్మితే మూత్రం జారే స్త్రీలకు మొదటి చికిత్సగా, శిక్షకురాలి పర్యవేక్షణలో కనీసం 3 నెలల వ్యాయామం ఇవ్వాలి. మీ పెద్దమ్మాయికి సరిగ్గా 3 నెలలు పట్టిందని మీరు రాసినప్పుడు, ఆమెను చూసిన వ్యక్తి పని తెలిసినవారని నాకు అనిపించింది.

ఇంత చెప్పినా, నా దృష్టిలో ఈ వృత్తిలో అతి కష్టమైన భాగం వ్యాయామం నేర్పడం కాదు, అడగడం. మీ పెద్దమ్మాయి ఎవరికీ చెప్పుకోలేకపోయిందన్నారు. అలాంటివారు ఎదురుగా కూర్చున్నా నడుము నొప్పి అనే చెబుతారు. అసలు మాట మూడో సారికో, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్నప్పుడో బయటికి వస్తుంది. పక్కన అత్తగారో, భర్తో ఉన్నప్పుడు వారిని నొప్పించకుండా బయట కూర్చోబెట్టడం, సిగ్గుపడకుండా, సిగ్గుపరచకుండా, మూత్రం, మలం, కలయిక అన్న మాటలను ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పలకగలగడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని నేర్పు. ఇంగ్లిషు పదాల వెనుక దాక్కునేవారికి రోగి నిజం చెప్పదు. మీ అమ్మాయి అక్కతో పాటు వెళ్లినప్పుడు ఆ మాటలు విని మొహం తిప్పుకుందా, లేక ఆసక్తిగా విన్నదా అన్నది మీకే తెలుస్తుంది. నేను పెట్టే ప్రవేశ పరీక్ష అదొక్కటే.

ఇక చదువు వివరాలు. ఇప్పటివరకు బీపీటీ అంటే 4 ఏళ్ల చదువు, 6 నెలల ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన చట్టంతో ఏర్పడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళికను విడుదల చేసింది. దాని ప్రకారం ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు 5 ఏళ్లు అవుతుంది, ప్రవేశానికి నీట్ రాసి ఉండడం కూడా అవసరమవుతుంది. మీ అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది కాబట్టి ఆ శ్రమ వృథా కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రకటనలను ఎవరి మాటా నమ్మకుండా మీరే వారి వెబ్‌సైట్లలో చదవండి. తిరుపతి స్విమ్స్‌లోనూ, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ కోర్సు ఉంది.

కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనాన్ని, బస్సులను చూడకండి. ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో ప్రసూతి వార్డు నడుస్తోందా, ఇంటర్న్‌షిప్‌లో విద్యార్థులను ఆ వార్డుకు ఎన్ని వారాలు పంపుతారు అని అడగండి. చాలా కాలేజీల్లో ఈ విషయం ఒక పాఠంగా చెప్పి, పరీక్షలో ఒక ప్రశ్నగా అడిగి వదిలేస్తారు. ఆ తరువాత ఎంపీటీ, అంటే మాస్టర్ ఆఫ్ ఫిజియోథెరపీ, 2 ఏళ్లు. ప్రసూతి, స్త్రీ ఆరోగ్య విభాగంలో ఎంపీటీని అన్ని విశ్వవిద్యాలయాలూ ఇవ్వవు. దానికోసం పక్క రాష్ట్రాలకు వెళ్లవలసి రావచ్చు. రెండు రోజుల వర్క్‌షాపు చేయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. లోపలి పరీక్ష వంటి సున్నితమైన నైపుణ్యాన్ని పర్యవేక్షణ లేకుండా రెండు రోజుల్లో నేర్చుకున్నామనే వారి దగ్గరికి నేనైతే మా ఇంటి ఆడపిల్లను పంపను, కాబట్టి మీ అమ్మాయినీ అలా తయారు కావద్దంటాను.

సంపాదన గురించి దాచకుండా చెబుతాను. నా దగ్గర సలహా తీసుకుని బీపీటీ చేసినవారు మొదటి ఉద్యోగంలో నెలకు 15 వేల నుంచి 25 వేల రూపాయల మధ్యే వస్తోందని చెబుతున్నారు. ఇంజినీరింగ్ చదివిన పక్కింటి అబ్బాయితో పోల్చి చూస్తే మొదటి 5, 6 ఏళ్లు మీకు బాధగానే ఉంటుంది. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల మధ్య విరామం ఎక్కువ. ఎంపీటీ చేసి, ఒక ప్రసూతి ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసి, గైనకాలజిస్టుల నమ్మకం సంపాదించినవారికి మాత్రం పరిస్థితి మారుతుంది, ఎందుకంటే ఈ శాఖలో రోగి నేరుగా రాదు. కాన్పు చేసిన డాక్టరమ్మ పంపితేనే వస్తుంది. తమ పట్టణంలో ఇద్దరు, ముగ్గురు గైనకాలజిస్టులు క్రమంగా పంపుతుంటే సొంత క్లినిక్ నిలబడుతుంది, లేకపోతే అద్దె కూడా రాదు. భీమవరం, ఏలూరు వంటి ఊళ్లలో ఈ పని ప్రత్యేకంగా చేసేవారు తక్కువగా ఉండడం అవకాశమూ అవుతుంది, అవసరం ఉందని ముందు డాక్టర్లకు తెలియజెప్పవలసిన భారమూ అవుతుంది.

విదేశాల్లో ఈ శాఖకు ఎక్కువ గుర్తింపు ఉన్న మాట నిజమే. ఫ్రాన్స్‌లో కాన్పు తరువాత ఈ కండరాల పునశ్శిక్షణకు 10 సార్ల ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమాయే భరిస్తుంది. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తులను నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థ దగ్గర నమోదు కావాలి. అమెరికాలో చదువు డాక్టరేట్ స్థాయిలో ఉంటుంది కాబట్టి మన డిగ్రీని మూల్యాంకనం చేయించుకుని, లైసెన్సు పరీక్ష రాయాలి. కూతురికి పురుడు పోయడానికి డల్లాస్‌కో, న్యూజెర్సీకో వెళ్లివచ్చిన తల్లులు అక్కడి సంగతులు చూసి ఇక్కడ చెబుతుంటారు. అది విని విదేశమే లక్ష్యంగా ఈ కోర్సులో చేరవద్దు; నిబంధనలు 5 ఏళ్లలో ఎన్నిసార్లైనా మారవచ్చు.

మీ అత్తగారి సందేహానికి వస్తాను. ఆవిడ తరంలో మంత్రసాని లేనిదే పురుడు లేదు, ఆమె ముట్టుకోని భాగమూ లేదు; ఆమె అవసరం అందరికీ ఉండేది, గౌరవం మాత్రం దక్కేది కాదు. ఆవిడ భయం అక్కడి నుంచి వచ్చిందని నేను అర్థం చేసుకుంటున్నాను, తేలికగా తీసిపారేయను. అయితే మీ అమ్మాయి చదివేది చట్టం గుర్తించిన ఆరోగ్య వృత్తి. డాక్టర్ అని పిలుస్తారా అని కూడా కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ఆ మాట వాడకూడదని లేఖ ఇచ్చి, మరునాడే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ వివాదం తేలేదాకా ఆగి కోర్సులో చేరడం కుదరదు. ఆ మాట కోసమే అయితే ఈ కోర్సు వద్దు. పెళ్లి సంబంధాల విషయంలో ఒక్క మాట అంటాను: మీ ఇంట్లో నెలల తరబడి ఒక ఆడపిల్ల చెప్పుకోలేని బాధ పడింది, దాన్ని తగ్గించిన స్త్రీ పట్ల మీకు కలిగింది కృతజ్ఞతే గదా! ఆ సంగతి మీ పెద్దమ్మాయి చేతనే నాయనమ్మకు చెప్పించండి.

దరఖాస్తు పెట్టేలోగా అమ్మాయిని దగ్గరలోని ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో, అనుమతి తీసుకుని, ఒక వారం ఉదయం నుంచి సాయంత్రం వరకు కూర్చోబెట్టండి. ప్రసూతి వార్డు అవసరం లేదు, మామూలు విభాగమే చాలు. వారం తరువాత కూడా అదే మాట మీద ఉంటే చేర్పించండి. విసుగు పుట్టిందంటే బీఎస్సీ నర్సింగ్ గురించి ఆలోచించండి. తల్లుల సంరక్షణే ఆమె కోరిక అయితే, నర్సింగ్ మీదుగా మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే పని, శిక్షణకు వెళ్లే దారి కూడా ఉంది.

నడికట్టు సంగతి. నేను వైద్యుణ్ణి కాను, నాకు తెలిసినంతవరకు చెబుతాను. కాన్పైన కొత్తలో మెత్తగా కట్టిన గుడ్డ నడుముకు ఆసరాగా అనిపిస్తుంది గానీ, కండరం చేయవలసిన పనిని గుడ్డ చేయలేదు. బిగించి కడితే పొట్టలోని ఒత్తిడి కిందికే పడుతుంది, మీ పెద్దమ్మాయికి ఇబ్బంది ఉన్నదీ అక్కడే. కాన్పై ఏడాది దగ్గర పడుతోంది కాబట్టి ఇప్పుడు కట్టేముందు ఆ ఫిజియోథెరపిస్టునే ఒకసారి అడగండి. చాలావరకు తగ్గిందని రాశారు గానీ పూర్తిగా తగ్గిందని రాయలేదు. మిగిలిన ఆ కొంచెం గురించి కూడా అప్పుడే చెప్పమనండి. కింద ఏదో బరువుగా జారుతున్నట్లు అనిపిస్తున్నా, మూత్రంలో మంట, రక్తం కనిపించినా వ్యాయామాలతో సరిపెట్టుకోకుండా గైనకాలజిస్టును కలవాలి.