సర్కిల్‌మడ్ 3.1లో ‘ఓవర్‌ఫ్లో’: ముందు ఏ బఫర్ నిండిందో తేల్చుకోండి

టెక్స్ట్ ఆటలు నడిపే సర్వర్ ప్రోగ్రాం సర్కిల్‌మడ్‌లో పెద్ద జాబితా చూపే కమాండ్ కొడితే మధ్యలో తెగి ‘ఓవర్‌ఫ్లో’ అని వస్తోందనీ, బఫర్ సైజును నిర్ణయించే మ్యాక్స్_సాక్_బఫ్ రెట్టింపు చేసినా మారలేదనీ, ఒక్కోసారి సర్వరే కూలుతోందనీ అడిగారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

తెగడం సంగతి. ప్రతి కనెక్షన్‌కూ, పంపాల్సిన టెక్స్ట్‌ను కాసేపు దాచే 1024 బైట్ల చిన్న బఫర్ ఉంటుంది. అది చాలకపోతే సర్వర్ తన బఫర్ల నిల్వ (పూల్) నుంచి పెద్ద బఫర్ తీసుకుంటుంది. దాని సైజు మ్యాక్స్_సాక్_బఫ్ విలువ 12,288లోంచి అదనపు చోటుకి 32, ప్రాంప్ట్‌కి 96 పోగా 12,160 బైట్లు. మీరు పెంచింది దీన్నే. కానీ ఒక్కసారి పంపే టెక్స్ట్ అంతకుముందే మ్యాక్స్_స్ట్రింగ్_లెంగ్త్ దగ్గర, అంటే 8192 దగ్గర, ఆగిపోతుంది. సందేశంలో మాత్రం రెండింటికీ ‘ఓవర్‌ఫ్లో’ అన్న మాటే కనిపిస్తుంది! ‘షో స్టాట్స్’ కమాండ్‌లో ఓవర్‌ఫ్లోల లెక్క పెరిగితే పెద్ద బఫర్ నిండినట్టు, పెరగకపోతే 8192 గీత తగిలినట్టు. రెండో దానికి అంకెలు పెంచకండి, జాబితాను పేజ్_స్ట్రింగ్ ఫంక్షన్‌కి ఇవ్వండి, 22 లైన్ల చొప్పున చూపిస్తుంది. ఇచ్చేది లోకల్ బఫర్ అయితే చివరి ఆర్గ్యుమెంట్ ట్రూ ఉండాలి. లేకపోతే కాపీ తీసుకోదు, ఆటగాడు రెండో పేజీ అడిగేసరికి అక్కడ చెత్త ఉంటుంది.

ఇక కూలడం. నా అనుమానం బఫర్‌లో టెక్స్ట్ రాసే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఫంక్షన్ మీద. అది తిరిగిచ్చేది రాసిన పొడవు కాదు, రాయాల్సిన పొడవు. దాన్ని చూడకుండా లెన్‌కి (ఇప్పటిదాకా రాసిన పొడవుకి) కలిపేస్తే లెన్ బఫర్ సైజును దాటుతుంది. తర్వాతి చుట్టులో ‘సైజ్‌ఆఫ్ మైనస్ లెన్’, అంటే మిగిలిన చోటు, అన్‌సైన్డ్ కాబట్టి మైనస్‌లోకి పోకుండా బ్రహ్మాండమైన సంఖ్య అవుతుంది, ఇక అడ్డే ఉండదు. వచ్చిన విలువను ఎన్‌లెన్ అనే వేరియబుల్‌లో పెట్టి, అది సున్నాకన్నా తక్కువైనా, లెన్‌తో కలిపి సైజును చేరినా బ్రేక్ చేసి, ఆ తర్వాతే కలపండి. ఫంక్షన్‌కి పాయింటర్‌గా వచ్చిన బఫర్ మీద సైజ్‌ఆఫ్ వాడితే 64 బిట్‌లో వచ్చేది 8 మాత్రమే, సైజును విడిగా పంపాల్సిందే.

ఆటగాడు రాసిన మాటను, టెక్స్ట్ పంపే ఫంక్షన్ సెండ్_టు_చార్‌కి నేరుగా ఫార్మాట్‌గా ఇచ్చారేమో కూడా వెతకండి. ఎవరో సరదాకి పర్సెంట్ గుర్తు, ఎస్ కొడితే సర్వర్ పడిపోవచ్చు.

పాత ప్యాచ్‌లలో బఫ్‌ని బఫ్‌లోకే ఎస్‌ప్రింట్ఎఫ్ చేసే లైన్లు కనిపిస్తే తీసేయండి, ఒక కంపైలర్‌లో నడిచి ఇంకోదాంట్లో పాడవుతాయి. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి ఆ కమాండ్ కొడితే తప్పు లైన్ నంబరుతో సహా దొరుకుతుంది.

మెమరీ పెరిగి తగ్గకపోవడం లీక్ అనుకోకండి. వాడిన పెద్ద బఫర్లు పూల్‌కే వెళ్తాయి, సర్వర్ ఆగేదాకా ఫ్రీ కావు.