వాయిదా కట్టగలిగినంత మాత్రాన ఖర్చు భరించగలిగినట్టు కాదు

పర్లాకిమిడి నుండి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఆమె వయసు 47 ఏళ్ళు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిగా నెలకు 22,000 రూపాయల జీతం వస్తోంది. భర్తకు బట్టల దుకాణం ఉంది. అందులో నెలకు సగటున 35,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 42,000, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 38,000 ఉన్నాయి, ఆరోగ్య బీమా లేదు. వచ్చే నెల ఆడపడుచు కూతురి పెళ్ళి ఉండటంతో, శస్త్రచికిత్స లేకుండా ముఖాన్ని బిగువు చేసే హైఫు చికిత్స కోసం విశాఖలోని ఒక క్లినిక్కుకు వెళ్ళి 5,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. మూడు సిట్టింగుల ప్యాకేజీ ధర 1,20,000 అని, నెలకు పదివేల చొప్పున ఏడాదిపాటు వడ్డీ లేని వాయిదాల్లో కట్టవచ్చని అక్కడ చెప్పారట. మొత్తం ఒకేసారి చెల్లిస్తే లక్షకే చేస్తామని కూడా అన్నారట. వాయిదాలు తీసుకోవడమా, చీటీ ముందుగా పాడుకోవడమా, గాజులు తాకట్టు పెట్టడమా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముఖం కాస్త బిగువుగా కనిపించాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు, దాని గురించి మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. నేను అభ్యంతరం చెబుతున్నది మీ లెక్కకు. నెలకు పదివేలు మిగులుతున్నాయి కాబట్టి పదివేల వాయిదా సరిపోతుందని రాశారు. ఇదే పొరపాటు నాకు వచ్చే ఉత్తరాల్లో ఫోను కొనుగోలు నుండి పెళ్ళి ఖర్చు దాకా అన్నింటిలోనూ కనిపిస్తోంది కనుకనే మీకు ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. ఆ పదివేలు ఖాళీగా పడి ఉన్న సొమ్ము కాదు. దుకాణం మూతపడితే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఆదుకోవలసిన సొమ్ము అదొక్కటే.

ముందుగా ఆ వడ్డీ లేని వాయిదా సంగతి చూద్దాం. నగదుకు లక్ష, వాయిదాలకు లక్షా ఇరవై వేలు అయినప్పుడు ఆ ఇరవై వేలు వడ్డీ కాక మరేమిటి? దానికి తోడు 4,000 ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్టీ 720 ముందే కట్టాలని మీరే రాశారు. అంటే మీకు నిజంగా అందే విలువ 95,280, తిరిగి కట్టేది 1,20,000. ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంది కనుక ఇది ఏడాదికి సుమారు 45 శాతం వడ్డీతో సమానం. నూటికి రెండు రూపాయల వడ్డీకి గాజులు తాకట్టు పెట్టుకునే షావుకారును మనం పట్టి పీడిస్తాడని తిట్టుకుంటాం, కానీ ఆయన వడ్డీ ఏడాదికి 24 శాతమే. సున్నా వడ్డీ అనేది అసలు లేదని, ఆ భారాన్ని వేరే పేరుతో వసూలు చేస్తారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఇన్నేళ్ళ తరువాత కూడా అదే మాటను ఒక క్లినిక్కు కౌంటరులో ట్యాబ్లెట్ మీద చూపించి సంతకం పెట్టమనడం నాకు కోపం తెప్పిస్తోంది.

చికిత్స గురించి వైద్యులు చెప్పేది కూడా మీ లెక్కలోకి రావాలి. హైఫు అల్ట్రాసౌండ్ తరంగాలతో చర్మం లోపలి పొరలను వేడిచేసి చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీను కొత్తగా పుట్టేలా చేస్తుంది. ఆ కొల్లాజెన్ ఏర్పడి పూర్తి ఫలితం కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది కనుక వచ్చే నెల పెళ్ళికి అది అందదు. వచ్చిన బిగువు కూడా శాశ్వతం కాదు, చాలామందిలో ఏడాది ప్రాంతంలో తగ్గుతూ వస్తుంది. మీరు చివరి వాయిదా కట్టే సమయానికి మళ్ళీ ఒక సిట్టింగు అవసరమని వారే ఫోను చేస్తారు. మీరు అనుకుంటున్నట్టు ఇది ఒకసారితో తీరే ఖర్చు కాదు.

మీ ఉత్తరం చివర, అసలు విషయంతో సంబంధం లేనట్టుగా రాసిన రెండు వాక్యాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు దుకాణంలో అడుగు వరుస అరల్లోని చీరలన్నీ నీళ్ళలో నానిపోయాయని, మూడు వారాలు తలుపులు తెరవలేక నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని రాశారు. మీ గజపతి జిల్లాలో ఆ వానలకు కొండచరియలు విరిగిపడి, దారులు తెగిపోయిన రోజులవి. అదే ఇప్పుడు జరిగిందనుకోండి. దుకాణం ఆదాయం ఆగిపోతుంది, చేతికి మీ జీతం 22,000 మాత్రమే వస్తుంది. ఇంటి ఖర్చు, చీటీ, కొత్త వాయిదా కలిపి 57,000 కట్టాలి. లోటు 35,000. బ్యాంకులోని 38,000 సరిగ్గా ఒక నెలకు సరిపోతాయి, రెండో నెలలో మళ్ళీ అదే ఐదు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కుతారు. తుఫాను దారిలో ఉన్న ఊళ్ళో, ఒక్క దుకాణం మీద ఆధారపడిన కుటుంబానికి ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే సుమారు రెండున్నర లక్షలు, విడిగా బ్యాంకు డిపాజిట్టులో ఉండి తీరాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరానికి రాను.

దానికంటే ముందు ఆరోగ్య బీమా. మీ వారికి మూడేళ్ళుగా షుగరు ఉందన్నారు. పెద్ద జబ్బు చేస్తే మీరు వెళ్ళేది బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో. అక్కడి ఒక్క బిల్లు చాలు, మీ నిల్వ మొత్తం కరిగిపోవడానికి. ముందే ఉన్న జబ్బులకు బీమా సంస్థలు గరిష్ఠంగా మూడేళ్ళ వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు కనుక మీరు ఎన్ని నెలలు ఆలస్యం చేస్తే ఆ గడువు అన్ని నెలలు ఆలస్యంగా ముగుస్తుంది. మీ ఇద్దరికీ, బరంపురంలో చదువుతున్న అమ్మాయికీ కలిపి పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటరు తీసుకోండి. షుగరు సంగతి దరఖాస్తులో దాచవద్దు, దాచితే క్లెయిము తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. మీ అత్తగారికి 72 ఏళ్ళు కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఐదు లక్షల వరకు ఆసుపత్రి వైద్యానికి వర్తించే ఆ కార్డును ఆధార్‌తో ఈ వారమే చేయించండి. సౌందర్య చికిత్సలకు బీమా వర్తించదని మీకు తెలిసే ఉంటుంది. దానివల్ల చర్మం కాలినా, నరం దెబ్బతిన్నా ఆ వైద్యం ఖర్చు కూడా సాధారణంగా మీ చేతి నుండే పోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

కనుక కట్టగలనన్న ఆ పదివేలను వచ్చే నెల నుండి మీకే వాయిదాగా కట్టుకోండి. తొలి కొన్ని నెలల సొమ్ము బీమా ప్రీమియానికి పోతుంది, ఆ తరువాతిదంతా రికరింగ్ డిపాజిట్టులోకి వెళ్ళాలి. చీటీని అమ్మాయి చదువు కోసం ఉంచండి, తోసుబాటు, అంటే పాడినవారు వదులుకోవలసిన సొమ్ము, ఎక్కువగా ఉన్న ఈ నెలల్లో పాడవద్దు. గాజులు తాకట్టు పెట్టవద్దు, బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తానన్నా సరే.

ఆరు నెలల ఖర్చుకు సరిపడే ఆ నిధి పూర్తయ్యాక కూడా ఆ కోరిక అలాగే ఉంటే, అర్హత గల చర్మవైద్యులను కలిసి, మీ చర్మానికి ఇది పనికివస్తుందో లేదో అడిగి, ఒక్క సిట్టింగుకు మాత్రం నగదు చెల్లించి చేయించుకోండి. చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

వాయిదాల కోసం రుణపత్రాల మీద ఇప్పటికే సంతకం చేసి ఉంటే ఈ రోజే ఆ ఒప్పందం తెరిచి చూడండి. యాప్ ద్వారా ఇచ్చే రుణాలకు కూలింగ్ ఆఫ్ గడువు ఉండి తీరాలి. ఆ గడువులోపు అసలు, అప్పటివరకు అయిన వడ్డీ కట్టి, అదనపు జరిమానా లేకుండా బయటపడవచ్చు. చికిత్స మొదలు కాలేదు కనుక రుణ సొమ్మును వెనక్కు పంపమని క్లినిక్కుకు కూడా రాతపూర్వకంగా అడగండి. అడ్వాన్సుగా ఇచ్చిన 5,000 తిరిగి రాకపోతే పోనివ్వండి, దాన్ని దక్కించుకోవడానికి మిగిలిన సొమ్మంతా కట్టవద్దు.